నలభై ఒక్క రీడింగులు

ఆ గదిలో రెండు వాసనలున్నాయి. ఒకటి ఫినాయిలు. రెండోది ఫినాయిలు కప్పలేకపోయిన వాసన. గురజాల రోడ్డులో శ్రీవల్లరి వాటర్ సర్వీసెస్ వాళ్ల కంట్రోలు రూములో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం రెండూ ఇరవై. కాలేబుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేది సాయంత్రం ఆరింటికి. నా చేతిలో మిగిలింది మూడు గంటల నలభై నిమిషాలు.

కాలేబు ఆ కంపెనీలో ఫిల్టరు హౌసు ఆపరేటరు. సాగర్ కాలువ నీళ్లు వడకట్టి, క్లోరిన్ కలిపి నాగులకుంట అనే ఊరికి పంపడం అతని పని. ఆ నీళ్లు తాగి సోమవారం నుంచి నాగులకుంటలో ముగ్గురు చనిపోయారు. నూట పన్నెండు మంది వాంతులూ విరేచనాలతో మంచాన పడ్డారు. పోయిన ముగ్గురిలో ఒక పాపకి నాలుగేళ్లు. క్లోరిన్ ఆపింది కాలేబేనని కంపెనీ ఫిర్యాదు చేసింది. నరహత్య కేసు కట్టి నిన్న సాయంత్రం తీసుకెళ్లారు.

కంపెనీ చూపించిన సాక్ష్యం ఒకే ఒక కాగితం. అందులో మంగళవారం సాయంత్రం నాలుగింటికి క్లోరిన్ 0.6. నాలుగూ పదికి సున్నా. కాలేబు డ్యూటీ ఎక్కింది సరిగ్గా నాలుగింటికి.

అతని భార్య నిస్సీ నాగులకుంటలోనే ఆశా వర్కరు. ఈ ఉదయం నరసరావుపేటలో నా తలుపు తట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

"బాబాయ్‌గారూ, ఆ మూడిళ్లకీ ఓఆర్ఎస్ పొట్లాలు మోసింది నేను. ఆయన చేసుంటే నేనే పోయి పోలీసులకి చెప్పేదాన్ని."

నేను పాలిటెక్నిక్‌లో ఇరవై ఆరేళ్లు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి. నా భార్య విమల పోయాక సాయంత్రాలు గడవక ఈ పరిశోధనల పనిలోకి వచ్చాను. ఇంతవరకు దొంగ సంతకాలూ మాయమైన మనుషులే నా పని. తాగే నీళ్ల గురించి ఒక మనిషిని అనుమానించాల్సి రావడం ఇదే మొదలు.

కంట్రోలు రూములో ఉన్న మనిషి పేరు మోయిన్. ముప్పై దాటినవాడు. కంప్యూటరు చూసుకోవడం అతని ఉద్యోగం. చెప్పులు బయట విడిచి రమ్మన్నాడు. దుమ్ము పడితే యంత్రాలు పాడవుతాయట. ఊళ్లో మనుషులు పాడైనా ఇక్కడ నేల మాత్రం అద్దంలా ఉంది.

బల్ల మీద పుస్తకమంత పెట్టెలు రెండున్నాయి, ముందు వరుసగా చిన్న దీపాలతో. షార్ట్ రేంజ్ మోడెమ్‌లు. నాకు పాత స్నేహితుల్లాంటివి. ఫిల్టరు హౌసులో క్లోరిన్ కొలిచే మీటరుకి వెనక సీరియల్ పోర్టు ఉంటుంది. ఆ పోర్టు మాట పదిహేను మీటర్లు దాటితే వినిపించదు. ఆఫీసేమో రెండున్నర కిలోమీటర్ల దూరం. అందుకని మీటరు దగ్గరొక మోడెమ్, కంప్యూటరు దగ్గరొక మోడెమ్ పెట్టి, మధ్యలో భూమిలోంచి టెలిఫోను కేబులు లాగారు. నాలుగు తీగలు, రెండు జతలు. నీలం జత మీద మీటరు మాట ఆఫీసుకి వస్తుంది. నారింజ జత మీద ఆఫీసు మాట మీటరుకి పోతుంది. ఇటు పలికే జత అటు వినే జతకి కలవాలి. ఇందులో ఉన్న విద్య అంతే.

ఒక మోడెమ్ నాగులకుంటది. రెండోది మేళ్లకుంట అనే ఇంకో ఊరిది. దాని ఫిల్టరు హౌసు వేరే, కాలువకి అవతల. రెండూళ్ల ట్యాంకుల వాల్వులూ ఈ కంప్యూటరే తెరుస్తుంది, రోజూ సాయంత్రం ఐదింటికి. ఐదు నిమిషాలకొక రీడింగు రావాలి. ఒక్కటి రాకపోయినా, క్లోరిన్ 0.2 కంటే తగ్గినా వాల్వు తెరుచుకోదు. ఆ నియమం పెట్టినవాడెవడో మంచివాడు.

మోయిన్‌ని మంగళవారం కాగితం తెరమీద చూపించమన్నాను. నాలుగింటికి 0.6. నాలుగూ పదికి సున్నా. మధ్యలో నాలుగూ ఐదు లేదు.

ఏమైందని అడిగితే లైనులో ఏదో వచ్చి ఉంటుందన్నాడు. లక్ష లీటర్ల సంపులో క్లోరిన్ పది నిమిషాల్లో సున్నా అయిపోతుందా అని అడిగాను. అవదన్నాడు. క్లోరిన్ సిలిండరు కట్టేసినా ఎంతసేపు పడుతుందన్నాను. తగ్గుతూ తగ్గుతూ పూట పడుతుందన్నాడు. ఆ మాట పోలీసులకి చెప్పావా అంటే, వాళ్లు అడగలేదని బల్ల అంచు గోకడం మొదలుపెట్టాడు.

అప్పుడు క్రితం వారం పద్నాలుగో తారీఖు తెరవమన్నాను.

పద్నాలుగో తారీఖు సంగతి నాకు కాలేబు చెప్పాడు. పొద్దున స్టేషన్లో పావుగంట మాట్లాడనిచ్చారు. కానిస్టేబులొకడు తన టీ అతనికిచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ రోజు ఫిల్టరు హౌసు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. పదకొండూ ఇరవై నుంచి రెండుంబావు దాటి ఇంకో అరగంట దాకా కరెంటు లేదు. ఇన్వర్టరు లేదు. మీటరు చచ్చింది, మోడెమ్ చచ్చింది. తన పుస్తకంలో రాసుకున్నాడు. సబ్‌స్టేషను రిజిస్టరులోనూ అదే ఉంది, వచ్చే దారిలో చూసే వచ్చాను. పదకొండూ ఇరవైకి పోయింది, రెండూ నలభై ఐదుకి వచ్చింది.

తెర మీద పదకొండూ ఇరవై కనిపించింది. 0.6. పదకొండూ ఇరవై ఐదు. 0.58. పదకొండున్నర. 0.6. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. రెండూ నలభై దాకా నలభై ఒక్క రీడింగులు. ఒక్కటీ తప్పలేదు.

"కరెంటు లేని మీటరు నలభై ఒక్కసార్లు ఎట్లా మాట్లాడింది మోయిన్?"

అతను మౌసు వదిలేశాడు. చూడలేదన్నాడు. కాసేపటికి తలొంచుకుని గొంతు తగ్గించాడు.

"చూశా సార్. అదే రోజు జానకిరామయ్యగారికి చెప్పా."

"ఏమన్నాడు?"

"కరెంటు లేకపోయినా పనిచేసిద్దా, చానా మంచి మీటరురా, అన్నాడు సార్."

ఇంతలో తలుపు తెరుచుకుంది. జానకిరామయ్య చెప్పులతోనే లోపలికొచ్చాడు. రిటైరైన పోలీసాఫీసరు. ఇప్పుడు ఈ కంపెనీకి విజిలెన్సు అధికారి. తెల్ల చొక్కా, చేతిలో మూత తీయని నీళ్ల సీసా. నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు నటించలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నిజాయితీపరుడే.

"రండి ఓంకారం మాస్టారూ. పిల్లలకి పాఠాలు చెప్పుకోక మీకెందుకండీ ఈ మురికి?"

మురికి ఎక్కడుందో వెతుకుతున్నానని చెప్పాను. నవ్వి సీసా నా ముందు పెట్టాడు, ఎండలో వచ్చారు తాగండంటూ. తన కంపెనీ నీళ్లు తను తాగని మనిషి. ఆ సీసా చూస్తే నాగులకుంటలో ఆ పాప నాలుక గుర్తొచ్చింది. నిస్సీ చెప్పింది, చివర్లో చెక్కలా ఎండిపోయిందని. సీసా అటు జరిపాను.

రికార్డులు కంపెనీ ఆస్తి అని, కోర్టు కాగితం లేకుండా చూడకూడదని, ఈసారి మర్యాదగా చెబుతున్నానని అన్నాడు. మోయిన్ వైపు చూడకుండానే అతనికి పాప పుట్టి ఎన్నాళ్లయిందని అడిగాడు. మోయిన్ మెడమీద చెమట పట్టింది. పోలీసు శాఖలో ముప్పై ఏళ్లుండి ఆ మనిషి నేర్చుకున్నది ఇదే కాబోలు. ఎవరి ఇంట్లో ఏ ఊయల ఉందో గుర్తుపెట్టుకోవడం.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటే కుడి చెప్పులో ఏదో తగిలింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం. పద్నాలుగో తారీఖు ప్రింటు, అడుగున ఒక ఫోను నంబరు. మోయిన్ ఎప్పుడు తీశాడో, ఎవరితో పంపి ఎప్పుడు పెట్టించాడో తెలియదు. ఆ గదిలోనూ ఒక మంచి జరిగింది.

నిస్సీ రోడ్డవతల వేపచెట్టు కింద స్కూటీ పెట్టుకుని నిలబడి ఉంది. టైము రెండూ యాభై. జరిగింది చెప్పాను. వెంటనే గురజాల ఎస్సై తేజస్వికి ఫోను చేశాను. చురుకైన పిల్ల, గట్టిది. నలభై ఒక్క రీడింగుల సంగతి రాసుకుంది. కాగితం చాలదంది. దొంగ రీడింగు ఎక్కణ్ణుంచి వస్తోందో కళ్లారా చూపిస్తే పంచనామా రాసి, రిమాండు రిపోర్టు మార్చి, కాలేబుని సాక్షిగా చూపిస్తానంది. పంచనామా మీద సంతకం పెట్టే మధ్యవర్తుల్ని వెంటబెట్టుకుని ఐదున్నరకల్లా వస్తాను, చోటు చెప్పండంది.

చోటు ఎక్కడో తేల్చాలి. మళ్లీ కాలేబు మాటలే పట్టుకున్నాను. ఈ పన్నెండు రోజులూ కరెంటు ఉన్నంతసేపూ ఫిల్టరు హౌసు మోడెమ్ మీద లైను దీపం ఆరలేదని, అందుకే అంతా సవ్యంగా ఉందనుకున్నానని అతను పొద్దున రెండుసార్లు అన్నాడు. సిలిండరు ఖాళీ అయి పన్నెండు రోజులైందట. రోజూ ఫోను చేసి చెబుతూనే ఉన్నాడట. లారీ వస్తోంది, నువ్వు నీ పని చూసుకో అనేవారట. రీడింగు సున్నా పోతోంది కదా, వాల్వు ఎటూ తెరుచుకోదులే అని అతని ధీమా. వాల్వు రోజూ తెరుచుకుంటోందని అతనికి తెలియదు. అతను కాపురముండేది ఫిల్టరు హౌసు పక్క గదిలో. ఊళ్లో నీళ్లు వస్తున్నాయని నిస్సీకి తెలుసు, సిలిండరు లేదని తెలియదు. ఊళ్లో జబ్బులని ఆమె ఇల్లు కదల్లేదు, డ్యూటీ అని అతను అక్కడ కదల్లేదు. భార్యాభర్తలు ఒక్క పూట కలిసి అన్నం తిన్నా ముగ్గురు బతికేవాళ్లు. ఆ మాట నిస్సీతో అనలేదు. ఆమెకి అప్పటికే తట్టిందని ముఖమే చెబుతోంది.

ఆ లైను దీపం చెప్పేది ఒక్కటే, ఆఫీసు మాట నాకు వినపడుతోందని. నా మాట ఆఫీసుకి చేరుతోందని చెప్పదు. నారింజ జత బాగున్నంతకాలం అది వెలుగుతూనే ఉంటుంది. నీలం జత ఎక్కడ తెగినా దానికి తెలియదు. అంటే ఎవరో నీలం జత ఒక్కటే తెంపి, ఆఫీసు వైపు కొసకి ఇంకో మోడెమ్ కట్టారు. ఆ మోడెమ్‌కి బుల్లి కంప్యూటరొకటి రోజూ 0.6 అని చెబుతోంది. మంగళవారం జనం చచ్చాక దాన్ని ఊడబీకి అసలు జత మళ్లీ కలిపారు. కలపడానికి పట్టిన టైమే నాలుగూ ఐదు. నిజం వినపడగానే కంప్యూటరు సున్నా రాసుకుని ఆ సాయంత్రం వాల్వు తెరవలేదు.

కేబులు వేసినవాడు సత్తెనపల్లి ఫైజల్. ఫోనులో దొరికాడు. దారిలో తెరవడానికి వీలున్న చోటు ఒక్కటే ఉందన్నాడు, కాలువ లాకుల దగ్గర జాయింటు పెట్టె. రెండూళ్ల కేబుళ్లూ అక్కడే కలుస్తాయి. తను ప్రతి తీగకీ తడి తగలకుండా జెల్లీ క్యాపు నొక్కానని, టేపు ముక్క కూడా వాడలేదని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఎస్సైకి లాకులని చెప్పాను.

కంకర తేలిన కాలువ కట్ట మీద స్కూటీ నడవలేదు, చాలాదూరం నెట్టుకుపోయాం. లాకులు చేరేసరికి నాలుగూ పది. పక్కనే లస్కర్లు ఉండే పాత క్వార్టర్సు. కాలువ కాసే పనివాళ్లు వదిలేసి చానాళ్లయింది, కప్పు సగం కూలింది. జాయింటు పెట్టె దాని గోడకే ఉంది. తాళం లేదు, తలుపు వైరుముక్కతో కట్టి ఉంది.

లోపల చూడగానే ఫైజల్ చేతికీ రెండో చేతికీ తేడా తెలిసిపోయింది. ఎనిమిది తీగలకి జెల్లీ క్యాపులు శుభ్రంగా ఉండాల్సిన చోట, నాలుగింటికి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. పొలాల్లో బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కులు కట్టే కట్టు అది. నీళ్లలో మునిగినా ఊడదు. అందుకే ఎవరినో పొలం నుంచి పిలిపించి కట్టించారు. నాగులకుంట నీలం జత తెంపి మళ్లీ కలిపి ఉంది. రబ్బరు పక్కకి జరిపితే రాగి ఇంకా ఎర్రగా మెరుస్తోంది. వారం కూడా కాలేదు.

ఆ పక్క జత చూసి నా చెయ్యి ఆగిపోయింది.

మేళ్లకుంట నీలం జత ఫిల్టరు హౌసు వైపు కొస గాలిలో వేలాడుతోంది. ఆఫీసు వైపు కొసకి నల్లతీగ కట్టి, ట్యూబు చుట్టి ఉంది. ఆ నల్లతీగ కిటికీలోంచి క్వార్టర్సు లోపలికి పోయింది.

గుమ్మంలో కుళ్లిన చేపల బుట్ట. కళ్లు మండేంత కంపు. చేపలు పట్టేవాళ్లు పారేసిందేమోనని కాలితో తోశాను. కింద నేల పొడిగా ఉంది, బుట్ట చుట్టూ నీచునీళ్ల మరక లేదు. ఎక్కడో కుళ్లబెట్టి తెచ్చి పెట్టారు. తాళం వేస్తే అనుమానం వస్తుందని కంపునే తాళంగా వేశారు. లోపల గబ్బిలాల పెంట, మనుషుల పెంట, సారా పొట్లాలు. నిస్సీ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. ఈ వారంలో ఇంతకంటే చూసింది. నన్ను మోచెయ్యి పట్టి దాటించింది.

మూల గూట్లో అన్నీ ఉన్నాయి. కారు బ్యాటరీ, అగ్గిపెట్టెంత కంప్యూటరు, దాని సీరియల్ తీగ చివర షార్ట్ రేంజ్ మోడెమ్. దీపాలు వెలుగుతున్నాయి. ఫొటోలు తీశాను. ముట్టుకోలేదు.

ముట్టుకోకుండానే తేల్చుకోవడానికి ఒక దారుంది. మోయిన్ నంబరుకి ఫోను చేసి, మేళ్లకుంట తెర చూస్తూ ఉండమన్నాను. నాలుగూ నలభైకి మోడెమ్ మీద పంపుడు దీపం ఒక్కసారి మిణుకుమంది. అదే క్షణంలో ఫోనులో అతని గొంతు.

"వచ్చింది సార్. పాయింట్ ఫిఫ్టీనైన్."

కాలేబు నిర్దోషి. నా కళ్లముందు, ఆ పెంట మధ్య, గూట్లో కూర్చుని ఉంది సాక్ష్యం. ఎస్సై వచ్చి ఈ దీపమూ ఆ తెరా కలిపి చూస్తే చాలు. ఇంకో యాభై నిమిషాలు. ఊపిరి తీసుకున్నాను. అది సంతోషమనే అనుకున్నాను.

"బాబాయ్," అంది నిస్సీ. "మేళ్లకుంటకి ఐదింటికి నీళ్లు వదుల్తారు."

ఆ మాట నాకు ముందు తట్టనందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ఆమె అప్పటికే ఫోను తీసింది. మేళ్లకుంట సర్పంచి ఎత్తాడు. స్పీకరులో అతని మాటలు విన్నాను. ఏందమ్మా నిస్సీ, మీ ఊరి దరిద్రం మా ఊరికి అంటిస్తావా, మా రీడింగు పాయింట్ సిక్స్ ఉందని కంపెనీవాళ్లు పొద్దునే చెప్పారు, మీ ఆయన్ని విడిపించుకోవాలంటే ఇంకో దారి చూసుకో, అని పెట్టేశాడు. తర్వాత అక్కడి ఆశా వర్కరు నీలిమకి చేసింది. ఆ పిల్ల నమ్మింది. నమ్మి ఏం చేస్తుంది, తొమ్మిది వందల కొంపలు, ఇరవై నిమిషాలు. పరిగెత్తుతానక్కా అని మాత్రం అంది. మోయిన్‌ని వాల్వు ఆపగలవా అని అడిగాను. ఆపే పాస్‌వర్డు జానకిరామయ్య దగ్గరుందన్నాడు. మేము వెళ్దామంటే వంతెన తిరిగి పదకొండు కిలోమీటర్లు. ఎస్సై ఫోను అందలేదు.

నాలుగూ నలభై తొమ్మిదికి కట్ట మీద కారాగింది. జానకిరామయ్య ముక్కుకి రుమాలు కట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. బుట్ట దాటి లోపలికి రాలేదు. మమ్మల్నీ, గూట్లో పెట్టెనీ చూశాడు. కొత్తగా చూసినవాడి చూపు కాదది.

"మీ సంచిలో కటింగ్ ప్లయరు ఉంది గదా మాస్టారూ," అన్నాడు. "ఇక్కడికొచ్చి నలభై నిమిషాలైంది. ఈ పెట్టె ఎవరు పెట్టారంటే ఏం చెబుతారు?"

తేజస్వి వస్తోందని చెప్పాను. రానివ్వమన్నాడు. దీపం వెలిగే పెట్టె ఆమె చూస్తే అది సాక్ష్యమని, తీగ ఊడిన పెట్టె ఎవరైనా సంచిలో తెచ్చుకునేదేనని, ఫొటోలో తీగలు కనపడతాయి గాని వాటిలో పోయే మాట కనపడదని నిదానంగా, క్లాసులో చెప్పినట్టు చెప్పాడు. మధ్యవర్తులు వచ్చేదాకా మనందరం కదలకుండా నిలబడదామన్నాడు. నాకు కావలసిందీ అదేనని అతనికి తెలుసు.

"ఈలోపు ఐదవుద్ది," అన్నాను.

"అవుద్ది. సిలిండర్ల లారీ పిడుగురాళ్ల దాటింది. సోమవారం కాంట్రాక్టు రెన్యువలు, ఇన్‌స్పెక్షను. ఈ రాత్రి నుంచి అన్నీ నిజం రీడింగులే. ఒక్క పూట నీళ్లు మాస్టారూ. అందరికీ రోగాలొస్తాయా?"

ఎంత మామూలుగా అన్నాడంటే, పక్కింటివాడు పాలు విరిగాయని చెప్పినట్టు. నా జీవితంలో దొంగల్ని చూశాను, అబద్ధాలకోరుల్ని చూశాను. అంతవరకు ఎవరిమీదా ఉమ్మాలనిపించలేదు. చేపల బుట్ట కంపు భరించలేక రుమాలు కట్టుకున్న మనిషికి, తన నోట్లోంచి వచ్చిన మాట కంపు తెలియలేదు.

టైము నాలుగూ యాభై రెండు. ఆ తీగ లాగితే నాలుగూ యాభై ఐదు రీడింగు పోదు. పోకపోతే వాల్వు తెరుచుకోదు. లాగితే కాలేబు పోతాడు, తర్వాత మళ్లీ తగిలించినా నేనే కట్టానంటారు. పెట్టెని ల్యాబుకి పంపినా తేలేసరికి నెలలు. అంతదాకా సబ్‌జైలు, ముగ్గుర్ని చంపినవాడన్న పేరు. నా చెయ్యి లేచింది. మళ్లీ దిగింది. అడగాల్సిన మనిషి పక్కనే ఉంది, అడిగే ధైర్యం నాకు లేదు.

నిస్సీయే అడిగింది.

"ఏ తీగ లాగాలి బాబాయ్?"

"అమ్మా, ఒక్కసారి ఆలోచించు. ఇది పోతే కాలేబుకి..."

"నాకు తెలుసు. ఏ తీగో చెప్పు."

నేను చెప్పలేదు. చూశాను, అంతే. నా చూపు పట్టుకుని మోడెమ్ వెనక స్క్రూల దగ్గర నల్లతీగ దొరికించుకుంది. జానకిరామయ్య ఫోను పైకెత్తాడు, కెమెరా ఆమె వైపు పెట్టి. ఆపమని అనలేదు. అది ఇప్పుడు అర్థమవుతోంది. ఏం జరిగినా తనకి లాభమే అయ్యేట్టు ముందే లెక్కగట్టుకుని వచ్చాడు.

నిస్సీ తీగని గుప్పిట రెండు చుట్లు చుట్టుకుని లాగింది. మెకానిక్కు బిగించిన స్క్రూలు గట్టివి, ఒక్క గుంజుకి తీగ రాలేదు. రెండోసారి గోడకి కాలు తన్నిపెట్టి గుంజింది. అరచెయ్యి కోసుకుంది, తీగ వచ్చింది.

మోయిన్‌కి మళ్లీ ఫోను కలిపి మేళ్లకుంట తెర చూడమన్నాను. నాలుగూ యాభై ఐదుకి పెట్టె మీద పంపుడు దీపం ఎప్పటిలాగే మిణుకుమంది, తన మాట ఎవరికీ చేరడం లేదని తెలియక. ఫోనులో మోయిన్ ఊపిరి వినిపించింది.

"రాలేదు సార్. మేళ్లకుంట ఎర్రగా అయింది. వాల్వు లాకైంది."

జానకిరామయ్య రికార్డింగు ఆపాడు. అక్కడే నిలబడి ఎస్సై నంబరు కలిపాడు. నాకు అందని ఫోను అతనికి ఒక్క రింగుకే అందింది.

"అమ్మా తేజస్వీ, తొందరగా రావాలి. ముద్దాయి భార్య దొంగపెట్టె తెచ్చి పెడుతూ దొరికింది. మంచినీళ్ల లైను తెంపింది. వీడియో ఉంది నా దగ్గర. పక్కన మన మాస్టారు కూడా ఉన్నారు."

అతను మాట్లాడుతుంటే నిస్సీ గుమ్మం దాటి కాలువ మెట్ల మీదికి వెళ్లి చెయ్యి కడుక్కోబోయి, నీళ్ల వంక చూసి మానుకుంది. చెంగు చించి కట్టు కట్టాను. పారిపోదామని ఆమె అనలేదు, నేనూ అనలేదు.

ఐదూ నాలుగుకి ఆమె ఫోను మోగింది. మేళ్లకుంట నుంచి నీలిమ. రొప్పుతోంది. వెనక బిందెల చప్పుడు, ఆడవాళ్ల కేకలు.

"అక్కా, నీళ్లు రాలా. కుళాయిలు ఎండిపోయినయ్. నువ్వే ఆపించావని సర్పంచి మైకులో చెప్పిచ్చాడు. అందరూ నిన్ను తిడతన్నారక్కా, చానా ఘోరంగా తిడతన్నారు."

నిస్సీ కళ్లు మూసుకుంది. నాగులకుంట పాప పోయినప్పుడు కూడా ఏడవలేదని విన్నాను. ఇప్పుడు కన్నీళ్లు ధారగా కారాయి.

"తిట్టనీవే," అంది. "అందరి గొంతులూ వినపడతన్నయ్ గదా."

కట్ట మలుపులో దుమ్ము లేచింది. ఇరవై నిమిషాలు ముందే వచ్చేసింది పోలీసు జీపు. జానకిరామయ్య రుమాలు విప్పి జేబులో పెట్టుకుని, ఫోను చేత్తో పట్టుకుని దానికి ఎదురు నడిచాడు.